వనభోజనాల తోట బుక్ చేస్కునే ముందు అక్కడున్నది ఏ ఉసిరో అడగండి

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు ఇస్తున్నా. అందులో మూడు వంటమాస్టారి గారివి, ఒకటి తోటమాలిది, ఓనరు గారికి ఏమీ మిగల్లేదు పాపం, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. తోట పేరు మాత్రం రాయను, ఆయనతో మొహం మీదే అన్నీ మాట్లాడేశా, మళ్ళీ పదిమందిలో పరువు తీయడం ఎందుకు, పైగా వచ్చే ఏడాది మళ్ళీ అక్కడికే వెళ్ళాలి. రాజమండ్రి నుంచి కడియం వైపు వెళ్ళే దారిలో కాలవ పక్కన ఇలాంటి తోటలు చాలానే ఉన్నాయి, కార్తీకమాసం వస్తే అన్నిటికీ ఫ్లెక్సీలు లేస్తాయి, కాబట్టి ఇది ఒక్క తోట గురించి రాసినా ఏ తోటకి వెళ్ళినా పనికొస్తుందనే రాస్తున్నా.

మాది రాజమండ్రిలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. కార్తీకం వచ్చిందంటే ఊళ్ళో ఎవరి కులం వాళ్ళు ఎవరి సంఘం వాళ్ళు వనభోజనాలకి బస్సులు కట్టేస్తారు కదా, మా బిల్డింగులో ఒక ఆదివారం సగం మంది ఒక తోటకి, సగం మంది ఇంకో తోటకి వెళ్ళిపోయి లిఫ్టు ఖాళీగా తిరిగేది. మూడేళ్ళ క్రితం మా రెండో ఫ్లోర్ మాస్టారు గారు ఇదేం బాలేదమ్మా, ఏడాదంతా ఒకే ట్యాంకు నీళ్ళు తాగి వనభోజనానికి మాత్రం వేరేవేరేగా వెళ్ళడమేంటి అన్నారు, అప్పట్నుంచి ఫ్లాట్ నంబర్ల వారీగా వెళ్తున్నాం అన్నమాట. ఈసారి ట్రెజరర్ని నేను. అంటే డబ్బులు వసూలు చేసేదీ నేనే, తిట్లు తినేదీ నేనే.

మేం వెళ్ళింది 2025 నవంబరు 9, ఆదివారం. అసలు నవంబరు 2న అనుకున్నాం కానీ అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, మా దగ్గరా గాలి వాన దంచేసింది, ఆ వారం ఎవరికీ సరదాలు చేసుకునే ఓపిక లేదు. ఓనరు గారు కూడా అమ్మా తోటలో చెట్లు పడ్డాయి, కొట్టించి శుభ్రం చేయించాలి, ఒక్క వారం ఆగండి అన్నారు, అడ్వాన్సు కూడా పట్టుకోకుండా డేట్ మార్చారు, అది మాత్రం మెచ్చుకోవాలి. మా చెల్లి హైదరాబాద్‌లో ఉంటుంది, వాళ్ళు చేవెళ్ళ వైపు ఒక ఫామ్‌హౌస్ బుక్ చేస్కుని రాలేకపోతే అడ్వాన్సు గోవిందా అన్నారట.

ప్యాకేజీ ఇలా మాట్లాడుకున్నాం, పెద్దవాళ్ళకి తలకి 550, పదేళ్ళ లోపు పిల్లలకి 300, అందులో పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం అరిటాకు భోజనం, సాయంత్రం బజ్జీలు టీ. పెద్దవాళ్ళు 48 మంది, పిల్లలు 14 మంది, మొత్తం 30,600. మైకు సౌండ్‌బాక్సులకి ఇంకో 5,000. ఈ ధరకి ఉల్లి వెల్లుల్లి లేకుండా పద్ధతిగా అంత భోజనం పెట్టడం ఈ రోజుల్లో తక్కువే అని ఇప్పటికీ అంటా. కాకపోతే వెళ్ళేటప్పుడు క్లీనింగ్ ఛార్జీలని ఇంకో 2,000 రాశారు చూడండి, అది ముందు చెప్పలేదు. ఫోన్లో మూడు సార్లు మాట్లాడాం, వాట్సాప్‌లో మెనూ పంపారు, రేట్లు పంపారు, ఎక్కడా క్లీనింగ్ అన్న మాటే లేదు. అడిగితే అందరూ ఇస్తారు మేడమ్ అన్నారు. మావారు పోన్లే ఇచ్చేయ్ అని పర్సు తీశారు, ఆయనకి గొడవంటే భయం. నేను మాత్రం రసీదు మీద విడిగా రాయించి మరీ ఇచ్చా, లేకపోతే రేపు అసోసియేషన్ మీటింగులో ఈ 2,000 ఎక్కడికి పోయిందమ్మా అని నన్నే అడుగుతారు.

పొద్దున్న ఏడింటికి బయల్దేరాం, ఒక మినీ బస్సు, నాలుగు కార్లు. ధవళేశ్వరం మీదుగా కాలవ గట్టు రోడ్డున వెళ్ళాం. హైవే మీద నుంచి వేమగిరి మీదుగా కూడా వెళ్ళొచ్చు కానీ కార్తీకమాసం ఆదివారం ఆ తప్పు చేయకండి, ద్రాక్షారామం సామర్లకోట వెళ్ళే పంచారామాల బస్సులు ఒక పక్క, ద్వారపూడి గుడికెళ్ళే అయ్యప్ప స్వాములు ఒక పక్క. కాలవ గట్టునైతే నిమ్మళంగా ఉంటుంది. ఆ టైములో ఎండ కూడా మొహాన కొట్టదు, మెత్తగా ఉంటుంది, వానలు వెళ్ళిపోయి చలి ఇంకా పూర్తిగా రాని రోజులు, గడ్డి మీద మంచు ఎనిమిదింటి దాకా ఆరదు. ఏడాది మొత్తంలో మా గోదావరి జిల్లాల్లో బయట కూర్చుని సుఖంగా అన్నం తినగలిగేది ఈ ఆరేడు వారాలే అని నా గట్టి నమ్మకం, మే నెలలో మామిడి తోటకెళ్తే అప్పడంలా వేగిపోతాం, జులైలో వెళ్తే మోకాళ్ళ దాకా బురద. కార్తీకంలో వనభోజనాలు పెట్టినవాళ్ళు పుణ్యం లెక్క వేశారో లేదో గానీ వాతావరణం లెక్క మాత్రం బాగా వేశారు.

దారిలో చేలు చూస్తే మాత్రం బస్సులో కాసేపు అందరం నోరు మూసేశాం. సార్వా వరి కోతకొచ్చే టైము, గాలికి చేలకి చేలు పడుకునుండిపోయాయి, కొన్నిట్లో ఇంకా నీళ్ళున్నాయి, ఒకాయన నడుం దాకా వంగి పడిపోయిన దుబ్బుల్ని నాలుగేసి కలిపి కట్టి నిలబెడుతున్నాడు. అంత్యాక్షరి మొదలెట్టిన పిల్లల్ని ఎవరూ ఆపమనలేదు, వాళ్ళే ఆపేశారు.

సరే తోటకొద్దాం. గేటు దగ్గర బంతిపూల తోరణం, అరటి పిలకలు కట్టారు, లోపల పెద్ద లాన్, స్టేజీ, ప్లాస్టిక్ కుర్చీలు, వెనకాల మామిడి కొబ్బరి చెట్లు, ఆ వెనక కాలవ. చూడగానే బావుంది అనిపించింది. లాన్ మధ్యలో టైల్స్ వేసిన సిమెంటు అరుగు, దాని మీద ఒక చెట్టు, చెట్టు చుట్టూ లైటు తీగలు, పక్కన కృష్ణుడి బొమ్మ, ముందు ఒక బోర్డు, పవిత్ర ఉసిరి వృక్షం అని. పిల్లలు అప్పుడే సెల్ఫీలు మొదలెట్టేశారు.

మా అత్తగారికి డెబ్భై ఆరేళ్ళు. పౌర్ణమికి ఒంట్లో బాగోక వెలిగించలేకపోయిన 365 వత్తుల కట్ట ఆవునేతిలో నానబెట్టి స్టీలు డబ్బాలో పెట్టుకుని ఒళ్ళోంచి దించకుండా తెచ్చారు, అసలు ఆవిడ వచ్చిందే ఉసిరి చెట్టు కింద దీపం పెట్టడానికి. అరుగు దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, ఒక ఆకు తెంపి వేళ్ళ మధ్య నలిపి, నా వైపు తిరిగి, ఇది ఉసిరి చెట్టు కాదే అమ్మాయ్ అన్నారు.

నాకు గుండె ఆగిపోయింది. బోర్డు చూపించా. బోర్డు సంగతి నాకెందుకు, ఆకు చూడు, ఉసిరాకు చింతాకులాగ సన్నగా, ఈనె పట్టుకుంటే నెమలీకలా ఉండాలి, ఇదేంటి ఇంత వెడల్పుంది, ఇది చిన్న ఉసిరి, పిల్లలు ఉప్పూ కారం అద్దుకు తింటారే గీతల గీతల కాయలు, అది, దీని కింద కార్తీక దామోదరుణ్ణి ఎక్కడ కూర్చోబెట్టను అన్నారు. నిజం చెప్పాలంటే నాకు ఆ తేడా తెలీదు, 38 ఏళ్ళొచ్చాయి, ఏటా ఉసిరావకాయ తింటా, చెట్టు ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేను. అక్కడున్న అరవై మందిలో గుర్తుపట్టింది ఆవిడొక్కరే.

ఓనరు గారిని పిలిస్తే నవ్వేసి, రెండూ ఉసిరేనండి, ఇక్కడికొచ్చిన వాళ్ళందరూ దీనికే పూజ చేసి వెళ్తున్నారు, ఎవరూ ఏమీ అనలేదు అన్నారు. అది నిజమే అయ్యుంటుంది, ఎవరూ ఆకు నలిపి చూసుండరు. కానీ వనభోజనాల ప్యాకేజీ అని అమ్మేటప్పుడు అందులో మొదటి ఐటమే ఉసిరి చెట్టు కదండీ, పూరీల్లోకి కూర మర్చిపోయినా సర్దుకుంటాం, ఇది ఎలా సర్దుకుంటాం. మా మూడో ఫ్లోర్ పంతులు గారు మధ్యలో దూరి, ఉసిరి కొమ్మ పెట్టుకున్నా దోషం లేదమ్మా, అమెరికాలో మా అమ్మాయి వాళ్ళు న్యూజెర్సీలో అక్టోబరులోనే పార్కులో చేసుకుంటారు, అక్కడ చెట్లన్నీ ఎర్రగా పసుపుగా మారి ఆకులు రాలుతుంటాయి, ఉసిరి ఎక్కడ దొరుకుతుంది, ఇండియన్ స్టోర్లో ఫ్రోజెన్ ఉసిరికాయలు తెచ్చి ఓక్ చెట్టు కింద పెడతారు అని సర్దిచెప్పబోయారు. అత్తగారు ఒకటే మాటన్నారు, వాళ్ళది అమెరికా, మనది కడియం, ఇక్కడ నర్సరీల్లో లేని మొక్కుంటుందా, ఉసిరి లేదంటే ఎట్లా. దానికి ఎవరి దగ్గరా సమాధానం లేదు.

అప్పుడొచ్చాడు తోటమాలి. అరిటాకులు మోసుకుంటూ వెళ్తున్నవాడల్లా ఆగి, మామ్మగారూ, అసలు చెట్టు వెనకాలుందండి, పశువులశాల అవతల, దారి బాలేదని అటు ఎవర్నీ పంపరండి అన్నాడు. ఓనరు గారి మొహం చూడాలి.

వెళ్ళాం. దారి నిజంగానే బాలేదు, తుఫానుకి పడిన కొబ్బరి మొద్దు ఒకటి అడ్డంగా ఉంది, పేడకుప్ప పక్కనుంచి, కాలవ వైపు వాలుగా. అత్తగారిని నేనొక చెయ్యి, మావారొక చెయ్యి పట్టుకున్నాం. అవతల చిన్న మెరక, దాని మీద చెట్టు. బూడిద రంగు బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి, ఒక పక్క కొమ్మ గాలికి విరిగి వేలాడుతూ, మిగతా కొమ్మల నిండా లేతాకుపచ్చ కాయలు, ఎండ పడితే లోపలి గీతలు కనబడేటంత నునుపుగా. కింద రాలిపోయిన కాయలు గడ్డిలో ఎన్నో. కాలవ మీంచి చల్లగా గాలి. లైట్లు లేవు, బోర్డు లేదు. ఆవు ఒకటి మమ్మల్ని చూసి మళ్ళీ తన పనిలో పడింది.

తోటమాలి చీపురు తెచ్చి ఊడ్చి నీళ్ళు చల్లితే, మా ఆడవాళ్ళు ముగ్గులేసి, రాలిన కాయల్నే కడిగి పైన చెంచాతో గుంట తీసి నెయ్యి పోసి పువ్వొత్తి పెట్టి ఒక్కొక్కరూ వెలిగించారు, అత్తగారు 365 వత్తులు మట్టి ప్రమిదలో పెట్టి వెలిగిస్తే మంట జానెడు ఎత్తు లేచింది, పిల్లలు వెనక్కి గెంతారు. తర్వాత తోటమాలి పిల్లలకి ఒక పని నేర్పాడు, ఉసిరికాయ ఒకటి కొరికి బాగా నమిలి, మొహం అష్టవంకర్లు తిరిగాక, మంచినీళ్ళు తాగమన్నాడు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి! అని మా వాడు అరిచిన అరుపుకి పద్నాలుగు మందీ కాయల కోసం గడ్డిలో దొర్లారు. చాక్లెట్ తప్ప ఏదీ నోట్లో పెట్టని మా ఎదురు ఫ్లాట్ పాప నాలుగు కాయలు తినేసింది. 5,000 పెట్టి సౌండ్‌బాక్సులు పెట్టించిన మేం, ఒక్క పైసా ఖర్చు లేని ఈ ఆట ముందు తెల్లమొహం వేశాం.

ఇక తిండి.

టిఫిను ఎనిమిదిన్నరకి అన్నారు, తొమ్మిదీ నలభైకి వచ్చింది. షుగరు మాత్ర వేసుకున్నవాళ్ళు ముగ్గురున్నారు మాలో, వాళ్ళు బిస్కెట్లతో గడిపారు, ఇది చిన్న విషయం కాదు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు అరటిపళ్ళు దగ్గర పెట్టుకోండి. ఇడ్లీ బావుంది. పెసరట్టులో ఉల్లిపాయ చల్లేశారు, ఉల్లి వద్దు బాబూ అని ఫోన్లో మొత్తుకున్నా సరే. టిఫిను కుర్రాడికి ఎవరూ చెప్పలేదట. వంటమాస్టారు వచ్చి చూసి, కుర్రాణ్ణి ఏమీ అనకుండా పెనం కడిగించి, కొత్తగా రుబ్బించిన పిండితో అల్లం పచ్చిమిర్చి జీలకర్ర మాత్రం వేసి తనే అట్లు వేసి పెట్టారు. మా బిల్డింగులో ఇద్దరు అయ్యప్ప మాలలో ఉన్నారు, వాళ్ళు ఎలాగూ వాళ్ళ వంట వాళ్ళే చేస్కున్నారు, వాళ్ళకి వేరే పొయ్యి, కడిగిన కొత్త గిన్నెలు అడక్కుండానే ఇచ్చారు.

భోజనం గురించి ఎంత రాసినా తక్కువే. కట్టెల పొయ్యి మీద ఇత్తడి గుండిగల్లో వంట. పదకొండింటికి నేను లెక్క చూడ్డానికని వెళ్ళి అక్కడే ముప్పావుగంట నిలబడిపోయా. పనసపొట్టు కూర చేస్తున్నారు, పొట్టు ఉడికించి గట్టిగా పిండి చింతపండు పులుసులో మగ్గించి ఎండుమిరపకాయలు జీడిపప్పు పోపు పెట్టి దించేసి పక్కన పెట్టేశారు. ఆవ వెయ్యలేదేంటండి అని అడిగా. వేడి మీద వేస్తే చేదొస్తుందమ్మా, కూర చల్లారాలి, చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండాలి అప్పుడు వేసి కలపాలి అన్నారు. నేను పన్నెండేళ్ళుగా పొయ్యి మీదే వేస్తున్నా, మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు, లేదా అనే ధైర్యం లేదు. తిన్నప్పుడు తెలిసింది తేడా, ముద్ద మింగాక రెండు సెకన్లకి ముక్కులోంచి నడినెత్తికి వెళ్ళి కళ్ళనీళ్ళు తెప్పించింది.

బంతి వేసేముందు ఓనరు గారు వచ్చి ఆకుల గురించి సారీ చెప్పారు. అరటి తోట తుఫానుకి చాలావరకు పడిపోయింది, నిలబడ్డ చెట్లకి కూడా గాలికి ఆకులు దువ్వెన పళ్ళలా చీలిపోయాయి, లోపలి మొవ్వు ఆకులే వెతికి కోయించాం, చిన్నవిగా ఉంటాయి ఏమనుకోకండి అన్నారు. ఈ ఒక్క చోట ఆయన మీద నాకు గౌరవం పెరిగింది, కాగితం ప్లేట్లు పెట్టేసి చేతులు దులుపుకోవచ్చు, అలా చెయ్యలేదు. ఆకులు చిన్నవే, కొస ఎడమ చేతి వైపుకి సరిగ్గా వేశారు, వడ్డించే కుర్రాళ్ళకి ఆమాత్రం తెలిసుండడం ఈ మధ్య అరుదు.

పులిహోర, ముద్దపప్పు, కొత్తావకాయ కాదు గానీ మాగాయ, కంద బచ్చలి కూర, పనసపొట్టు, గుత్తి వంకాయ కొబ్బరి కారం, గుమ్మడికాయ దప్పళం, అప్పడం, కుండపెరుగు. దప్పళంలో ముక్క కరిగిపోకుండా గరిట కింద నిలబడింది. వంకాయ మాత్రం యావరేజ్, ఉప్పు తగ్గింది. బూరెలు వచ్చేసరికి మా వాళ్ళు పొట్టలు నిమురుకుంటున్నారు, అయినా వడ్డించేవాడు బూరె ఆకులో పెట్టి బొటనవేలితో చిల్లు పొడిచి అందులో కరిగిన నెయ్యి పోస్తుంటే వద్దన్నవాడు ఒక్కడు లేడు. మావారు నాలుగు తిన్నారు, రెండే అని ఇప్పటికీ బుకాయిస్తున్నారు. ఉల్లీ వెల్లుల్లీ లేకపోతే వంటకి రుచేముంటుంది అని ఎగతాళి చేసే మా టెర్రస్ ఫ్లాట్ కుర్రాళ్ళు రెండోసారి దప్పళం అడగడం నా కళ్ళారా చూశా.

భోజనాలయ్యాక ప్రోగ్రాం ప్రకారం తంబోలా, మ్యూజికల్ చైర్స్, టగ్ ఆఫ్ వార్. మైకు పట్టుకున్నది మా అసోసియేషన్ సెక్రటరీ గారు, కాబట్టి ఎక్కువ చెప్పను. అయితే సరిగ్గా అదే టైముకి పక్క తోటలో ఇంకో సంఘం వాళ్ళు డీజే పెట్టారు, వాళ్ళ బాక్సులు మా గోడ వైపే. మావి మేం పెంచితే వాళ్ళవి వాళ్ళు పెంచారు, అరగంట పాటు కాలవ గట్టు మీద కొంగ కూడా వాలలేదు. చివరికి మా రెండో ఫ్లోర్ మాస్టారు గారు వెళ్ళి మన మైకు స్విచ్చి ఆపేశారు. ఏమైంది సార్ అంటే, ఏం లేదు, తోటకొచ్చాం కదా కాసేపు తోటలో ఉందాం అన్నారు.

అక్కడ్నుంచి అసలు సరదా మొదలైంది. మామిడి కొమ్మకి మోకుతాడుతో ఉయ్యాల కట్టుంది, తోటమాలి పెద్దవాళ్ళు కూడా ఎక్కొచ్చు, పడదండి అన్నాడు, దాంతో ముందు పిల్లలు, తర్వాత తల్లులు, ఆఖరికి నూట పది కిలోల మా సెక్రటరీ గారు కూడా ఎక్కేశారు, కొమ్మ కిర్రుమంది గానీ నిలబడింది. ఏడుపెంకులాట ఎలా ఆడాలో పెద్దవాళ్ళు గుర్తుచేసుకునే లోపు పిల్లలు పెంకులు పేర్చేశారు. తొక్కుడుబిళ్ళ గీతలు గీసింది మా అత్తగారు, కర్రతో, కుర్చీలో కూర్చునే, ఎవరు గీత తొక్కారో కూడా అక్కడ్నుంచే చెప్పేవారు. మగాళ్ళు నలుగురు కొబ్బరాకు చాప మీద పేకాటకి కూర్చుంటే లేపేశాం, కార్తీకమాసం అని కాదు, ఉయ్యాల ఊపడానికి మనుషులు తక్కువయ్యారని.

ఇప్పుడొక సీరియస్ విషయం. కాలవ వైపు కంచె లేదు. రేవు మెట్లు నాచు పట్టి ఉన్నాయి, నీళ్ళు నిండుగా ఉన్నాయి, లోతు పైకి తెలీదు. అక్కడ ఒక తాడు గానీ ట్యూబు గానీ బోర్డు గానీ ఏమీ లేవు. మా వాళ్ళలో ఇద్దరు అబ్బాయిలు బంతి కోసం మెట్లు దిగబోతే నాకు కాళ్ళు వణికాయి, అప్పట్నుంచి వంతులేసుకుని ఇద్దరేసి పెద్దవాళ్ళం రేవు దగ్గర కుర్చీలేసుకు కూర్చున్నాం. నేను ఒకటి తగ్గించింది క్లీనింగ్ ఛార్జీలకీ చిన్న ఉసిరికీ కాదు, దీనికే. ఏడాదికి ఇన్ని వందల మంది పిల్లలు వచ్చే చోట నడుమెత్తు ఇనప కంచె వెయ్యడానికి స్టేజీ లైట్లకైనంత ఖర్చు కూడా అవ్వదు, ఓనరు గారికి అదే చెప్పా, వేయిస్తా అన్నారు. మీరు ఏ తోటకెళ్ళినా కాలవో చెరువో ఉంటే బాగుంటుందని మురిసిపోయే ముందు కంచె ఉందో లేదో చూసుకోండి.

బాత్రూములు ఆడవాళ్ళకి రెండు, ఒకదాన్లో నీళ్ళు లేవు. అరవై మందికి ఇదేం లెక్కో. బకెట్లతో పోయించారు.

సాయంత్రం మిరపకాయ బజ్జీలు, అల్లం టీ, ఏ లోపం లేదు. ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది ఈ నెలల్లో, చీకటితో పాటే దోమలు, అదీ కాలవ పక్కన, తుఫాను నీళ్ళు ఇంకా గుంటల్లో ఉన్నప్పుడు. ఆరింటి దాకా టైము ఇచ్చారు గానీ ఐదుంపావుకే సర్దేశాం. ఫుల్ చేతుల చొక్కాలు, దోమల క్రీము తెచ్చుకున్నవాళ్ళు బతికిపోయారు. చెప్పులు కూడా, హీల్స్ వేసుకొచ్చిన ఇద్దరి హీల్స్ తడి నేలలో దిగబడి అక్కడే ఉండిపోయాయి.

వచ్చేటప్పుడు కడియపులంకలో ఆగి చామంతి మొక్కలు, బంతి నారు కొనుక్కున్నాం, ఈ రోజుల్లో నర్సరీలు వరసగా పసుపు కాషాయం రంగు దుప్పట్లు పరిచినట్టుంటాయి, అది చూడ్డానికి టికెట్టేం లేదు. మా అత్తగారు ఉసిరి మొక్క అడిగారు, అమ్మేవాడు ఒకటి తెచ్చి ఇచ్చాడు, ఆవిడ ముందు ఆకు చూసి, ఈనె వేళ్ళ మధ్య నిమిరి, అప్పుడు డబ్బులిమ్మన్నారు. నాలుగో అంతస్తులో ఎక్కడ పెంచుతారో అడగలేదు, ప్రస్తుతం బాల్కనీలో పెయింటు డబ్బాలో ఉంది.

అందరూ అడుగుతున్న ప్రశ్నకి జవాబు, అవును మళ్ళీ వెళ్తున్నాం. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి కార్తీకం కాస్త వెనక్కి జరిగి నవంబరు రెండో వారంలో మొదలవుతుంది, ఆదివారాలు నాలుగే వస్తాయి, అందరూ ఎగబడతారు, అందుకే నవంబరు 22కి 2,000 అడ్వాన్సు ఇచ్చేశా. మైకు వద్దన్నా. రసీదు వెనకాల ఓనరు గారి చేతే రాయించా, పశువులశాల వెనక ఉసిరి చెట్టు, దారి శుభ్రం చేయించాలి, రేవుకి కంచె, క్లీనింగ్ ఛార్జీలు లేవు, వంటమాస్టారు ఆయనే. కింద సంతకం పెట్టమంటే ఆయన నవ్వారు, నేను నవ్వలేదు, పెట్టారు.